చూసి గీస్తే ఏం నేర్చుకుంటాం?

మీ ఇంటి గోడమీద లక్ష్మీదేవి పటమో, సరస్వతీదేవి పటమో ఉండే ఉంటుంది. రోజూ చూస్తూనే ఉంటారు. ఇప్పుడొక చిన్న పని చేయండి. ఈ పత్రిక పక్కన పెట్టి ఆ పటం దగ్గరకు వెళ్ళి, బొమ్మలోని ముక్కును రెండు నిమిషాలు పరీక్షగా చూడండి. ముక్కుకు ఇటూ అటూ గీతలున్నాయా? చాలా పటాల్లో ఉండవు. ఒక పక్క లేతరంగు, మరో పక్క కాస్త ముదురురంగు, కిందుగా చిన్న నీడ. అంతే! గీత లేకుండానే ముక్కు కాగితంలోంచి ముందుకు పొడుచుకు వచ్చినట్లు కనిపిస్తుంది. మీరు నోటుపుస్తకంలో ముఖం వేసినప్పుడు ముక్కు ఎలా వేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. రెండు గీతలు, రెండు చుక్కలు. అవునా?

ఈ తేడా ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలంటే, అలాంటి పటాన్ని ఒకదాన్ని ఎదురుగా పెట్టుకుని ఉన్నదున్నట్లు గీయడం కన్న మంచి మార్గం లేదు. అది కూడా పెన్సిలుతో కాదు, తైలవర్ణాలతో.

"చూసి గీయడమా? అది కాపీ కొట్టడం కాదూ?" అంటారేమో. లెక్కల పరీక్షలో పక్కవాడి కాగితం చూసి జవాబు రాస్తే మీకు లెక్క రాదు, నిజమే. కాని ఒక బొమ్మను చూసి వేసేటప్పుడు జవాబు మీ కళ్ళముందే ఉన్నా, దాన్ని రాబట్టే లెక్క మాత్రం మీరే చేసుకోవాలి. ఏ రంగులో ఏ రంగు ఎంత కలిపితే ఆ చెంపమీది నీడ వస్తుందో పటం చెప్పదు. మీరే కలపాలి. తప్పితే గీకేసి మళ్ళీ కలపాలి. దీన్ని ప్రయోగశాలలో పాత ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూడడంతో పోల్చవచ్చు.

కృష్ణాజిల్లా తిరువూరు ప్రాంతంలో నెమలి అనే ఊరుంది. 2022లో జిల్లాలు విడదీశాక అది ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చింది. వేణుగోపాలస్వామి కోవెల వల్ల చుట్టుపక్కల అందరికీ తెలిసిన ఊరు. అక్కడ హైస్కూలు చదువులో ఉన్న అబ్బాయికో అమ్మాయికో తైలవర్ణాలతో మనిషి ముఖం చిత్రించాలని బుద్ధి పుట్టిందనుకోండి. ఎదుట కూర్చుని నేర్పే చిత్రకారుడు లేడు. చిత్రశాల లేదు. ఉన్నదల్లా ఒక అచ్చుబొమ్మ, నాలుగు రంగుగొట్టాలు, పట్టుదల. వీటితో పని జరుగుతుందా? సగం జరుగుతుంది. ఏ సగం జరుగుతుందో, ఏ సగం జరగదో తెలిస్తే మిగతా సగానికి ఎక్కడికి వెళ్ళాలో కూడా తెలుస్తుంది.

గురువు నేర్పనన్నాడు

గురువు దొరకని ఇబ్బంది మీకే కాదు, రవివర్మకూ వచ్చింది. కేరళలోని కిలిమానూరులో 1848లో పుట్టిన రవివర్మకు మొదట బొమ్మలు నేర్పింది ఆయన మేనమామ రాజరాజవర్మ. అది తంజావూరు పద్ధతి. పద్నాలుగేళ్ళ వయసులో, 1862లో, మేనమామ ఆయన్ను తిరువనంతపురం తీసుకువెళ్ళి తిరువాన్కూరు మహారాజు ఆయిల్యం తిరునాళ్‌కు చూపించాడు. ఆ ఆస్థానంలో తైలవర్ణ చిత్రాలు వేయగల రామస్వామి నాయకర్ అనే చిత్రకారుడుండేవాడు. ఈ కుర్రవాడు ఎప్పటికైనా తనకు పోటీ అవుతాడనుకున్నాడో ఏమో, నేర్పనన్నాడు! ఆయన శిష్యుడు ఆర్ముగం పిళ్ళై మాత్రం గురువుకు తెలియకుండా వచ్చి తనకు తెలిసిన మెళకువలు కొన్ని చెప్పాడని రవివర్మ జీవిత చరిత్రకారులు రాశారు.

తరువాత 1868లో థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు రాజదంపతుల రూపచిత్రాలు వేయడానికి వచ్చాడు. ఆయనా పాఠం చెప్పడానికి ఒప్పుకోలేదు. పనిచేస్తుంటే పక్కన నిలబడి చూడనిచ్చాడు, అంతవరకే. రవివర్మ ఆ చూడడంలోనే నేర్చుకున్నాడు. రంగు ఎలా కలుపుతున్నాడు, ముందు ఏది వేస్తున్నాడు, ఏది ఆరాక ఏది వేస్తున్నాడు అనేవి కంటితో పట్టుకుని, ఇంటికి వచ్చి తన కాన్వాసుమీద ప్రయత్నించి చూశాడు. అయిదేళ్ళు తిరిగేసరికి, 1873లో, మద్రాసు చిత్రప్రదర్శనలో ఆయన వేసిన నాయరు స్త్రీ చిత్రానికి గవర్నరు బంగారు పతకం వచ్చింది.

మరో సంగతి వినండి. 1894లో రవివర్మ బొంబాయిలో సొంతంగా అచ్చుయంత్రాలు పెట్టించి తన దేవతల చిత్రాలను చవకగా అచ్చువేయించాడు. మన గోడలమీదికి ఆ పటాలు వచ్చింది అలాగే. కాబట్టి మీ ఇంట్లోనిది బహుశా అసలు చిత్రానికి నకలు, ఆ నకలుకు మరో నకలు, దానికింకో నకలు. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది.

అచ్చుబొమ్మను చూసి తైలవర్ణాల్లో వేసినవాళ్ళలో జగమెరిగిన చిత్రకారుడొకడున్నాడు, విన్సెంట్ వాన్‌గో. 1889, 90 సంవత్సరాల్లో ఫ్రాన్సులోని సెయింట్ రెమీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు బయటికి వెళ్ళి మనుషులను చూసి గీసే వీలు ఆయనకు అంతగా లేకపోయింది. అప్పుడు మిలే అనే వాస్తవిక చిత్రకారుడు పొలం పనివాళ్ళను చిత్రించిన బొమ్మలను ఎదుట పెట్టుకుని సుమారు ఇరవై చిత్రాలు వేశాడు. ఆయన దగ్గరున్నవి రంగుల్లేని నలుపు తెలుపు అచ్చులు! ఆకారమూ వెలుగునీడలూ మిలేవి, రంగులు మాత్రం వాన్‌గో తనే ఆలోచించి వేసుకున్నవి. అచ్చుబొమ్మ ఏం ఇవ్వగలదో, ఏం ఇవ్వలేదో ఇక్కడే తేలిపోయింది కదూ?

ముందు లెక్క, తరువాత రంగు

ఇక పనిలోకి దిగుదాం. ఒక ముఖం ఉన్న మంచి వాస్తవిక చిత్రాన్ని ఎంచుకోండి. నగలూ పూలూ జరీ అంచులూ ఎక్కువగా ఉన్నవి మొదటిసారికి వద్దు. వెలుగు ఒకే పక్కనుంచి పడే ముఖమైతే మంచిది. రెండు పక్కలా వెలుగుంటే నీడలు తికమక పెడతాయి.

మీ అచ్చుబొమ్మ 12 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకోండి. కాన్వాసు 30 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు. రెండు కొలతలూ రెండున్నర రెట్లే కాబట్టి సరిపోతుంది. బొమ్మమీద 2 సెంటీమీటర్ల గళ్ళు గీస్తే అడ్డంగా 6, నిలువుగా 8, మొత్తం 48 గళ్ళు వస్తాయి. కాన్వాసుమీద అవే 48 గళ్ళు 5 సెంటీమీటర్లవి. ఒక్కొక్క గడిలో ఉన్నది ఒక్కొక్క గడిలోకి మార్చడమే. పటం పాడవకుండా పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం పరిచి దానిమీద గళ్ళు గీయండి. మీరు పదో తరగతిలో చదివే సరూప త్రిభుజాల సూత్రమే ఇది. ఫ్రాన్సులో లూవ్ర్ చిత్రశాలకు వెళ్ళి అసలు చిత్రాల ముందు కూర్చుని నకళ్ళు వేసుకోవచ్చు. ఆ సంప్రదాయం 1793లో అది తెరిచిన నాటినుంచీ ఉంది. అయితే అక్కడొక నిబంధన ఉంది. నకలు అసలుకు సమానమైన కొలతలో ఉండకూడదు. అయిదోవంతు పెద్దదో, అయిదోవంతు చిన్నదో కావాలి. రేపు ఎవరూ దాన్ని అసలుదని అమ్మకుండా ఈ జాగ్రత్త!

గళ్ళలోకి మార్చేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. కన్ను ఉన్న గడి దగ్గరకు రాగానే చెయ్యి తనకు తెలిసిన "కన్ను" గీసేస్తుంది. చేప ఆకారం, మధ్యలో గుండ్రం. ఎదుటి బొమ్మలో కన్ను అలా లేకపోయినా సరే! మన మెదడు చూసినదాన్ని వెంటనే పేరుగా మార్చేస్తుంది. పేరు దొరికాక మళ్ళీ చూడదు. దీనికి విరుగుడుగా అచ్చుబొమ్మనూ కాన్వాసునూ రెండింటినీ తలకిందులు చేయండి. ఇప్పుడు కన్ను కన్నులా కనిపించదు. వంకర గీతలుగా, ముదురు లేత మచ్చలుగా కనిపిస్తుంది. ఉన్నదున్నట్లు గీయగలుగుతారు.

కాని ఎక్కువసేపు తలకిందులుగానే ఉంచకండి సుమా! 1980లో పీటర్ థాంప్సన్ అనే శాస్త్రవేత్త ఒక తమాషా చూపించాడు. అప్పటి బ్రిటిషు ప్రధాని మార్గరెట్ థాచర్ ఫోటోలో కళ్ళనూ నోటినీ మాత్రమే కత్తిరించి తలకిందులుగా అతికించాడు. ఫోటో నిటారుగా ఉంటే చూడడానికే భయం వేస్తుంది. ఫోటోను మొత్తంగా తలకిందులు చేస్తే ఏ తేడా లేనట్లే అనిపిస్తుంది! అంటే తలకిందులైన ముఖంలో విడివిడి ఆకారాలు బాగానే చూడగలం కాని, అన్నీ కలిసి ముఖం సరిగా కుదిరిందా లేదా అన్నది పసిగట్టలేం. అందుకే ఆకారాలు తలకిందులుగా గీయండి, కుదిరిందో లేదో నిటారుగా పెట్టి చూడండి. అద్దంలో చూస్తే ఇంకా మంచిది. ఒక కన్ను కాస్త కిందికి జారి ఉంటే అద్దం దాచదు.

తరువాత వెలుగునీడలు. కళ్ళు చికిలించి బొమ్మను చూడండి. చిన్న చిన్న వివరాలు పోయి నాలుగయిదు పెద్ద మచ్చలు మిగులుతాయి. ఒక ముదురుగోధుమ రంగును పలచగా కలుపుకుని ఆ మచ్చలు మాత్రమే ముందు కాన్వాసుమీద వేయండి. ఇది అడుగుపూత. రంగుల సంగతి ఇప్పుడే వద్దు. ఇక్కడ కుదరని ముఖం పైన ఎంత చక్కని రంగు వేసినా కుదరదు. తొందరపడి ఈ పని దాటవేసేవాళ్ళే ఎక్కువ.

అట్టముక్కకు చిన్న కన్నం పెట్టి అందులోంచి చూడడం మరో ఉపాయం. కంటిలోని తెల్లగుడ్డు మీద ఆ కన్నం పెట్టి చూడండి. అది తెల్లగా ఉండదు! బూడిదరంగులోనో, లేత గోధుమరంగులోనో ఉంటుంది. చుట్టూ ఉన్న రెప్పల నీడల వల్ల తెల్లగా అనిపిస్తుందంతే. ఈ సంగతి చెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త చక్కగా పరిశోధించాడు. ఆయన గోబెలిన్ తివాచీల కార్ఖానాలో అద్దకాల విభాగానికి అధికారి. నల్లరంగు నూలు బాగా నల్లగా ఉండడంలేదని ఫిర్యాదులొచ్చాయి. చూస్తే నూలులో లోపమేమీ లేదు. పక్కన నేసిన రంగు వల్ల అలా కనిపిస్తోంది! ఏ రంగైనా పక్కనున్న రంగును బట్టి మారినట్లు కనిపిస్తుందని 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. రూపచిత్రాలు వేసేవాళ్ళు దీన్ని చాలా తెలివిగా వాడుకున్నారు. స్వీడన్ చిత్రకారుడు జోర్న్ పేరుతో చెప్పుకునే రంగులపలకలో నాలుగే రంగులుంటాయి. తెలుపు, పసుపుమన్ను రంగు, ఎరుపు, నలుపు. నీలం లేదు. నలుపులో తెలుపు కలిపితే వచ్చే బూడిదరంగును వెచ్చని ఎరుపు పసుపుల పక్కన పెడితే అదే నీలంలా కనిపిస్తుంది. మన చేతికి నాలుగు గొట్టాలే ఉన్నాయని దిగులుపడనక్కరలేదు.

నూనె ఎందుకు ఆరుతుంది?

తైలవర్ణం అంటే ఏమిటి? మెత్తని రంగుపొడిని అవిసెనూనెలో కలిపి నూరిన ముద్ద. ఇక్కడే మీకో అనుమానం రావాలి. వంటింట్లో గట్టుమీద వేరుశనగ నూనె ఒలికితే ఎన్నాళ్ళైనా జిడ్డుగానే ఉంటుంది కదా, మరి ఈ నూనె ఎలా ఆరుతుంది?

మీరే చేసి చూడండి. ఒక గాజుపలకమీద మూడుచోట్ల మూడు చుక్కలు వేయండి. ఒకటి అవిసెనూనె, ఒకటి వేరుశనగ నూనె, మూడోది ఆముదం. వేలితో వీలైనంత పలచగా పూయండి. వెలుతురూ గాలీ తగిలేచోట, దుమ్ము పడకుండా ఉంచండి. రోజూ అంచును వేలితో తాకి చూసి రాసుకోండి. వారం పదిరోజుల్లో అవిసెనూనె జిగటపడి, ఆపైన పొరలా గట్టిపడుతుంది. మిగతా రెండూ జిడ్డుగానే ఉంటాయి.

నీళ్ళు ఆరడమంటే ఆవిరైపోవడం. అవిసెనూనె ఆవిరికాదు. దాని అణువుల్లో ద్విబంధాలు ఎక్కువ. సగానికి సగం లినోలినిక్ ఆమ్లం, దాని ప్రతి అణువులోనూ మూడు ద్విబంధాలు. గాలిలోని ఆక్సిజన్ ఆ చోట్లను పట్టుకుని ఒక అణువును మరో అణువుతో ముడివేస్తుంది. ముడులు పెరిగి పెరిగి నూనె మొత్తం వలలాగా అల్లుకుపోతుంది. కాబట్టి ఆరేటప్పుడు దాని బరువు తగ్గదు, మొదట కొంత పెరుగుతుంది! వేరుశనగ నూనెలోనూ ఆముదంలోనూ వల అల్లుకోవడానికి సరిపడినన్ని ద్విబంధాలు లేవు. తమాషా ఏమంటే, ఆముదం అణువులోంచి నీటిని తొలగిస్తే మరో ద్విబంధం ఏర్పడుతుంది. అప్పుడు అదీ ఆరుతుంది. రంగుల పరిశ్రమలో దాన్ని వాడతారు కూడా.

ఈ చర్యలో వేడి పుడుతుంది. కాన్వాసుమీద పలచగా ఉంటే ఆ వేడి గాలిలోకి పోతుంది. కాని అవిసెనూనె తుడిచిన గుడ్డపీలికలను ఉండచుట్టి మూల పడేస్తే వేడి బయటికి పోక, లోలోపల పెరిగి, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోవచ్చు. ఇది నిజంగా జరిగే ప్రమాదం. పీలికలను విడివిడిగా తీగమీద ఆరేయండి, లేదా నీళ్ళలో తడిపి మూతఉన్న డబ్బాలో వేయండి. రంగు పలచన చేయడానికి వాడే టర్పెంటైను దేవదారు జాతి చెట్ల జిగురునుంచి వస్తుంది. అది నిజంగానే ఆవిరైపోతుంది, ఆ ఆవిరి పీలిస్తే తల నొప్పి పుడుతుంది. కిటికీలు తెరిచి, పెద్దవాళ్ళకు చెప్పి పనిచేయండి. కుంచెమొనను పెదవులతో సరిచేసే అలవాటు ఉంటే ఈరోజే మానండి. పాతకాలపు తెలుపులో సీసం, సింధూరపు ఎరుపులో పాదరసం ఉండేవి. సీసపు తెలుపు బదులు ఇప్పుడు టైటానియం తెలుపు దొరుకుతుంది, అదే కొనండి.

ఆరే విధానం తెలిస్తే చిత్రకారుల పాత నియమమొకటి ఇట్టే అర్థమవుతుంది. అడుగుపొరలో నూనె తక్కువ, పైపొరల్లో ఎక్కువ ఉండాలంటారు. అడుగున జిడ్డుగా వేసి పైన పలచగా వేశారనుకోండి. పైది త్వరగా గట్టిపడుతుంది. అడుగుది ఇంకా కదులుతూనే ఉంటుంది. ఎండాకాలంలో చెరువు అడుగున బురద నెర్రెలు విచ్చినట్లు ముఖం నెర్రెలు విచ్చుతుంది. అడుగుపూతకు ముదురుగోధుమ అంబరు రంగును వాడడంలో మరో లాభముంది. ఆ మన్నులో మాంగనీసు ఉంటుంది, అది నూనె ఆరడాన్ని వేగిరపరుస్తుంది.

కాన్వాసుకు ఖరీదైన గుడ్డే అక్కర్లేదు, దళసరి నూలుగుడ్డ చాలు. కాని దానిమీద నేరుగా తైలవర్ణం వేయకూడదు. నూనె ఆరేటప్పుడు పుట్టే ఆమ్లాలు నూలును తినేస్తాయి. కొన్నేళ్ళకు గుడ్డ పెళుసై చిరిగిపోతుంది. అందుకే ముందు జిగురుపూత, దానిపైన తెల్లపూత. పూర్వం తోలు ఉడకబెట్టి తీసిన జిగురు వాడేవారు. ఇప్పుడు దుకాణాల్లో పూత వేసిన కాన్వాసే దొరుకుతుంది.

మరో చిన్న ప్రయోగం. సుద్దముక్కను పొడిచేసి, కొంత పొడిలో అవిసెనూనె కలపండి. తెల్లని పొడి కాస్తా బూడిదరంగు ముద్దవుతుంది. వడ్రంగులు కిటికీ అద్దాలకు పెట్టే లప్పం ఇదే. తెల్లదనం ఎక్కడికి పోయింది? కాంతి గాలిలోంచి సుద్దరేణువులోకి పోయేటప్పుడు బాగా వంగి చెదురుతుంది, అందుకే తెలుపు. సుద్ద వక్రీభవన గుణకం, నూనె వక్రీభవన గుణకం ఇంచుమించు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఒకటిన్నర చిల్లర. నూనెలో ఉన్నప్పుడు కాంతికి రేణువు ఉన్నట్లే తెలియదు, సాఫీగా దాటిపోతుంది. టైటానియం తెలుపు గుణకం సుమారు 2.7. అందుకే అది నూనెలోనూ తెల్లగానే ఉండి, కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది.

చర్మం రంగు రావడానికి ఈ రెండు గుణాలూ కావాలి. వెలుగుపడిన నుదురు, ముక్కుకొస కప్పే రంగుతో దళసరిగా వేస్తారు. నీడలు పారదర్శకమైన రంగుతో పలచగా వేస్తారు. కాంతి ఆ పలుచటి పొర దాటి అడుగుపూతను తాకి తిరిగి వస్తుంది. మన చర్మంలోనూ కాంతి కొంతలోతు దిగి తిరిగి వస్తుంది కదా! నీడను దళసరిగా మెత్తితే ముఖం మట్టిబొమ్మలా ఉంటుంది.

అచ్చు చెప్పని సంగతులు

ఇప్పుడు ఆ అచ్చుబొమ్మను భూతద్దంతో చూడండి. నాలుగు రంగుల చుక్కలు! పుస్తకాల్లో, క్యాలెండర్లలో ఉండే బొమ్మలన్నీ దాదాపు ఇలాంటివే. దళసరి తెలుపు, పలుచటి నీడ, అడుగుపూత అన్నీ ఆ అచ్చులో ఒకే మట్టంగా చదునైపోయాయి. రంగులూ కొంత మారిపోయాయి. సెల్‌ఫోనులో చూసినా ఇంతే. ఫోను ఫోనుకూ రంగు మారుతుంది. బొమ్మ ఏ రంగులతో వేశారో కూడా అచ్చు చెప్పదు. చేతిలో దీపం పట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి ఎర్రని వెలుగు వస్తుండగా నిలుచున్న అమ్మాయి బొమ్మ మీరు చూసే ఉంటారు. అది రవివర్మ తైలవర్ణ చిత్రమనే చాలామంది అనుకుంటారు. కాదు. అది ఎస్.ఎల్. హల్దంకర్ అనే చిత్రకారుడు 1945, 46 ప్రాంతంలో తన కూతుర్ని నిలబెట్టి వేసింది. పైగా నీటిరంగుల్లో! మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఉంది. అచ్చు చూసి దాన్ని తైలవర్ణ పాఠంగా తీసుకుంటే ఎంత శ్రమ వృథా!

నెమలి పేరుతోనే మరో ఉదాహరణ చెబుతాను. వేణుగోపాలుడి పటంలో నెమలిపింఛం ఉంటుంది. నిజం ఈకను చేతిలో తిప్పితే దాని నీలం ఆకుపచ్చగా, కంచురంగుగా మారుతుంది. ఆ ఈకలో నీలిరంగు పొడి ఏదీ లేదు. సన్నని పోగుల్లో మెలనిన్ అనే నల్లని పదార్థపు కడ్డీలు క్రమమైన వరుసల్లో ఉండి, కొన్ని రంగుల కాంతినే వెనక్కు పంపుతాయి. ఈకను నూరితే ఆ రంగు మాయమవుతుంది. ఏ గొట్టంలోనూ ఆ రంగు దొరకదు. మరి చిత్రకారుడేం చేస్తాడు? ముదురు నేలమీద ఒక్క మెరుపుగీత వేసి, పక్కన గోధుమరంగు పెట్టి, మన కంటినే నమ్మిస్తాడు. ఆ గీత ఎంత దళసరిగా వేశాడు, ఆరిన రంగుమీద వేశాడా, తడిమీద వేశాడా అన్నది అసలు చిత్రం ఎదుట నిలబడితేనే తెలుస్తుంది.

కాబట్టి ఆకారం, కొలతలు, వెలుగునీడలు అచ్చుబొమ్మ దగ్గర నేర్చుకోండి. అది మోసం చేయదు. రంగుపొరల పాఠానికి మాత్రం అసలు తైలవర్ణ చిత్రాన్ని చూడాలి. నెమలినుంచి తిరువూరు మీదుగా బెజవాడ చేరితే, అక్కడినుంచి రాజమండ్రి రైలులో సుమారు 150 కిలోమీటర్లు. అక్కడ దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. రామారావు 1897లో పుట్టాడు. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఈ కుర్రవాడి చేతిని గుర్తించి ప్రోత్సహించాడు. 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్ళి చదువుకున్నాడు. ఆ రోజుల్లో అలాంటి కళాశాలల్లో మొదటి పాఠం గ్రీకు శిల్పాల ప్లాస్టరు నకళ్ళను చూసి గీయడమే, మనుషులను చూసి గీయడం ఆ తరువాతి పాఠం. తిరిగి వచ్చి రాజమండ్రిలో తోటి యువకులకు నేర్పడం మొదలుపెట్టాడు. 1925లో మశూచి వచ్చి చనిపోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. అంత కొద్దికాలంలో వేసిన తైలవర్ణ చిత్రాలూ నీటిరంగుల చిత్రాలూ ఆ చిత్రశాలలో పక్కపక్కనే చూడవచ్చు. రెండింటి తేడా చూడడానికి మన రాష్ట్రంలో అంత మంచి చోటు నాకు మరొకటి తెలియదు. హైదరాబాదు వెళ్ళే వీలుంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో రవివర్మ చిత్రాలూ, ఐరోపా తైలవర్ణ చిత్రాలూ ఉన్నాయి.

వెళ్ళినప్పుడు చిత్రానికి ఎదురుగా మాత్రమే నిలబడకండి. ఒక పక్కకు జరిగి, వెలుతురు రంగుమీద ఏటవాలుగా పడేటట్లు చూడండి. కుంచె వెళ్ళిన దారి, రంగు గుట్టపడినచోటు, గుడ్డ నేత కనిపించేంత పలచగా ఉన్నచోటు తెలుస్తాయి. ముట్టుకోకూడదు. నోటుపుస్తకంలో ముఖం గీసుకుని, ఎక్కడ దళసరి, ఎక్కడ పలచన, ఎక్కడ ఏ రంగు అని గుర్తులు పెట్టుకోండి. పాతచిత్రమైతే ఇంకొకటి కూడా వెతకండి. ఏళ్ళు గడిచేకొద్దీ నూనె వక్రీభవన గుణకం కాస్త పెరిగి, రంగు మరింత పారదర్శకమవుతుంది. అందువల్ల చిత్రకారుడు ముందు ఒకచోట చెయ్యి వేసి, నచ్చక దానిమీద రంగు పూసి మరోచోట వేసి ఉంటే, ఆ పాతచెయ్యి నూరేళ్ళకో రెండువందల ఏళ్ళకో మసకగా పైకి తేలుతుంది! మహామహులు కూడా గీసి, చెరిపి, మళ్ళీ గీశారన్నమాట.

ఇంటికి వచ్చి, మీ నకలులో నీడలు గీకేసి పలచగా మళ్ళీ వేయండి. రెండో నకలు ఇంకా బాగుంటుంది. మూడోసారి పటాన్ని గోడకు తగిలించేసి, కిటికీ పక్కన తాతయ్యను కూర్చోబెట్టండి. ఆయన మాటిమాటికీ కదులుతారు, వెలుగు గంటగంటకూ మారుతుంది. అచ్చుబొమ్మ ఎంత ఓపికగా కూర్చుందో అప్పుడు తెలుస్తుంది.

నకలు పూర్తయ్యాక వెనకవైపు "రవివర్మ చిత్రాన్ని చూసి" అనో, ఎవరిదైతే వారి పేరో రాసి, తేదీ వేసి, మీ పేరు రాయండి. మన దేశపు చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన తరువాత అరవై ఏళ్ళవరకు అతని చిత్రాలపై హక్కులుంటాయి. రవివర్మ పోయింది 1906లో, రామారావు 1925లో, కాబట్టి వారి చిత్రాలకు నకలు వేయడానికి అభ్యంతరం లేదు. పైన మెరుపుకోసం వార్నిషు పూయాలని తొందరపడవద్దు. చేతికి ఆరినట్లున్నా లోపల ఆక్సిజన్ పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. పలుచటి చిత్రానికి ఆరునెలలు, దళసరిగా వేసిన దానికి ఏడాది ఆగాలి. అంతవరకు గోడకు కాస్త ఎడంగా, వెనకనుంచి కూడా గాలి ఆడేటట్లు తగిలించి ఉంచండి.